రెండో సూది

ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగి అరగంట దాటింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టబోయి, లోపలి కేకలు విని, ఇది ఇప్పట్లో తెమిలే వ్యవహారం కాదని సీట్లో వెనక్కి వాలాడు.

"మాయమ్మని నాను తీసికెల్తన్నాను. నువ్వు అడ్డం రాకు," అంది రాజకుమారి. తల్లి చీరలు మడత కూడా పెట్టకుండా సంచీలో కుక్కుతోంది.

"రేపొక్క రోజు ఆగు వదినా," అంది నీలవేణి. "రేపు సూది పరీచ్చ అయిపోనీ. ఎల్లుండి నువ్వు ఎక్కడికి తీసికెల్లినా నాను నోరెత్తను."

"మల్లీ సూదా? ఒక సూదితో మీ కడుపు నిండనేదేటి?"

పొద్దుట్నుంచి ఈ మాట నాలుగోసారి. నీలవేణికి జవాబు చెప్పే ఓపిక కూడా అయిపోయింది. వారం రోజులుగా పొద్దున్న ఇదే గొడవ, సాయంత్రం ఇదే గొడవ. మధ్యలో శ్రీకాకుళం వెళ్ళి లేబులో ఎనిమిది గంటలు నిలబడి చేసే ఉద్యోగం. ఇవాళ ఆ ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ ఆడబిడ్డ చేత తిట్లు తింటోంది.

తగువంతా ఎవరి గురించో ఆ మనిషి మాత్రం అరుగు మీద కాళ్ళు చాపుకుని, చేటలోని ఎండు నెత్తళ్ళ చేపల్లో రాళ్ళు ఏరుకుంటోంది. నీలవేణి అత్త జగ్గమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఎడమ చెవి కింద, దవడ మలుపులో, నిమ్మకాయంత కంతి. కొంగు ఎంత లాక్కున్నా దాగడం లేదు.

ముప్ఫయ్యేళ్ళుగా ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళి ఆమదాలవలస బజారులో అమ్ముకొచ్చిన మనిషి. ఎవరి మాటా వినే అలవాటు లేదు. ఇవాళ కూతురి మాట వినడానికి సిద్ధపడిందంటే, కూతురు చెప్పే వైద్యంలో సూది లేదు గనక.

ఆ వైద్యుడు సాలూరు అవతల కొండ కింద ఉంటాడు. కంతి మీద పసరు కడతాడు. మూడు కట్లకి కంతి పగిలి లోపలి చెడంతా కారిపోతుందని రాజకుమారికి ఎవరో చెప్పారు. ఆ పసరు పడితే తోలు కాలి పుండవుతుందని, అప్పుడు సూది వేయడం కాదు కదా, వేలు పెట్టడానికి కూడా ఏ డాక్టరూ ఒప్పుకోడని నీలవేణి మొత్తుకుంది. దున్నపోతు మీద వాన కురిసినట్టయింది.

"ఒసే, నాను అడిగేదొకటి." రాజకుమారి సంచీ వదిలి నడుం మీద చేతులు పెట్టుకుంది. "రెన్నెల్ల కిందట మీ లేబులోనే గదా సూది పొడిసినారు? కాయితం తెచ్చినది నువ్వే గదా? ఈ అరుగు మీదే నిలబడి, 'ఏటీ నేదు, ఒట్టి నీల్లే' అని సెప్పినావా నేదా?"

"సెప్పినాను."

"ఇప్పుడు ఏటో ఉన్నాదంటన్నావు. ఆనాడు సెప్పినది అబద్దమా, ఈనాడు సెప్తన్నది అబద్దమా?"

ఆ ప్రశ్న న్యాయమైనదని నీలవేణికి తెలుసు. అందుకే అంత మండింది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. వీళ్ళు అలికిన రోజే పండగ చేసేసుకున్నారు. ఆరోజు కంతిలో సూది వేసి లాగితే సిరంజిలోకి పసుపుపచ్చ నీరు వచ్చింది. నీరు వచ్చినకొద్దీ కంతి కళ్ళ ముందే చప్పబడిపోయింది. వెళ్ళేటప్పుడు మెడ మీద కంతి, వచ్చేటప్పుడు ఇంత దూది ముక్క. మామూలు మనిషికి ఇంతకంటే ఏం రుజువు కావాలి? రాజకుమారి ఆ వారమే గంగమ్మతల్లికి కోడిని కోసింది.

రిపోర్టు కాగితంలో మాత్రం రెండు మాటలున్నాయి. క్యాన్సరు కణాలు కనబడలేదన్నది మొదటిది. చూడ్డానికి సరిపడా కణాలే రాలేదు, స్కానింగు చూస్తూ మళ్ళీ సూది వేయాలి అన్నది రెండోది. నీలవేణి అరుగు మీద నిలబడి మొదటిది చదివింది. రెండోది చదివేలోపే అందరూ చేతులెత్తి దండం పెట్టేశారు. అత్త ఏడ్చింది. ఎప్పుడూ ఏడవని మనిషి ఏడుస్తుంటే ఆ సంతోషం మీద నీళ్ళు చల్లడానికి నీలవేణికి మనసొప్పలేదు. తర్వాత చెబుదాంలే అనుకుంది. ఆ తర్వాత అనేది ఎవరింట్లో వచ్చింది గనక వీళ్ళింట్లో రావడానికి!

నలభై రోజులకు కంతి మళ్ళీ లేచింది. ఈసారి గట్టిగా లేచింది.

"అప్పా, కొంచెం నిమ్మలంగా మాటాడు. ఈదంతా ఇంటన్నారు," అన్నాడు ధనరాజ్. చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోటు ఒడ్డునే ఉంది. వల ముందేసుకుని చిరుగులు కుడుతున్నాడు. అటు అక్క, ఇటు పెళ్ళాం. అడకత్తెరలో పోకచెక్క అయ్యాక మనిషికి వల కుట్టడం తప్ప ఇంకేం పని దొరుకుతుంది?

"నువ్వు ఊరుకోరా. పెల్లాం ఏటి సెప్తే అదే నీకు ఏదం," అంది రాజకుమారి.

ధనరాజ్ వల పక్కకు తోశాడు. "నీలా, నిజంగా తెల్దు గనకే అడుగుతన్నాను. మొదటి సూదిలో నేని రోగం రెండో సూదిలో ఎక్కడినుంచి వస్తాది?"

"మావా, నువ్వు వలేస్తావు. ఒక్కోపాలి ఒట్టి నీల్లే వస్తాయి. ఇంటికొచ్చి సముద్రంలో సేపలే నేవని సెప్తావా?"

"నేదు. ఆ సోట పడనేదంటాను."

"ఇదీ అంతే. ఆ సూది నీల్లున్న సోట దిగినాది. నీల్లొచ్చినాయి. పక్కనున్న గట్టి సోటికి అది ఎల్లనేనేదు. రేపు స్కానింగులో సూసుకుంటా, గట్టి సోటే ఏస్తారు."

ధనరాజ్ తలూపాడు. అతనికి అర్థమైంది. అర్థమైన మొహం చూసి రాజకుమారికి ఒళ్ళు మండింది.

"మాయమ్మ మెడ సముద్రమేటే, మీరు వలలెయ్యడానికి?"

"సూదేస్తే లోనున్నది లేస్తాదట," అంది జగ్గమ్మ మొదటిసారి, నెత్తళ్ళ మీంచి తలెత్తకుండానే. "మనీదిలో గంగులు పెల్లానికి సూదేసినారు. మూడు నెల్లకి పోనాది."

"సూది వల్ల పోనేదత్తా. అది దారంత సన్నం సూది, దాంతో ఏటీ లేవదు. ఆలస్సెంగా ఏసినారు గనక పోనాది."

"నీకు తెల్సేటి?"

"నాకు తెల్సు. ఆ సూదిలో వచ్చినది పూసిన గాజుపలకలు కడిగి రంగులేసినది నానే."

జగ్గమ్మ చేటలోంచి ఇంకో రాయి ఏరి అవతల పారేసింది.

ఆ గాజుపలకల మాట ఎత్తగానే నీలవేణికి సోమవారం గుర్తొచ్చింది. ఆరోజు మధ్యాహ్నం డాక్టర్ పద్మకుమారి తన గదిలోకి పిలిచింది. లేబులో మైక్రోస్కోపులో చూసి రిపోర్టులు రాసేది ఆవిడే.

"మీ అత్తగారికి మళ్ళీ వచ్చిందన్నావని పాత స్లైడు తీసి చూశానమ్మా. అంతా నీరే. కానీ రెండు మూడు కణాలు నాకు నచ్చడం లేదు. ఆరోజు నీరు తీశాక మిగిలిన గట్టి చోట అప్పుడే ఇంకో సూది వేయించాల్సింది. ఈ వయసు మనిషి మెడలో నీటి కంతి ఉంటే, చెడ్డది కాదని తేలేదాకా చెడ్డదే అనుకోవాలి. ఇలాంటివాటికి అసలు మూలం చాలాసార్లు నోట్లోనో గొంతులోనో ఉంటుంది. ఎవరైనా నోరు చూశారా?"

"లేదు మేడమ్."

"ఫారంలో అలవాట్లు అన్నచోట 'లేవు' అని ఉంది. తప్పు నాది కూడా, అది చూసి ధైర్యపడ్డాను. ఆ రాత నీదే కదా? నిజంగా ఏ అలవాటూ లేదా?"

"కనుక్కుని చెబుతాను మేడమ్."

కనుక్కోవడానికి ఏముంది! ఈ రేవులో పెద్దవయసు ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నదే జగ్గమ్మకూ ఉంది. అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, నలుగురిలో పొగా కనబడదు. జగ్గమ్మ అలా పెట్టుకునే చేపలు బేరమాడుతుంది, మనవల్ని తిడుతుంది, బస్సు ఆపుతుంది. నిప్పు అంగిట్లో ఉంటుంది, మాట బయట ఉంటుంది.

నీలవేణి ఆ ముక్క రాయకపోవడానికి కారణం చాలా చిన్నది. అంతకు వారం ముందు అలాంటి ముసలమ్మే ఎవరో లేబుకు వచ్చి వెళ్ళింది. ఆవిడ గుమ్మం దాటగానే కౌంటరులో అమ్మాయి పెన్ను తిరగేసి నోట్లో పెట్టుకుని, బుగ్గలు లోపలికి లాక్కుని చూపించింది. అందరూ పడీపడీ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. పుట్టినప్పట్నుంచి తల్లినీ అమ్మమ్మనీ అలా చూసిన మనిషే, వాళ్ళతో కలిసి నవ్వింది. వారం తిరక్కుండా అదే కౌంటరు ముందు సొంత అత్తను నిలబెట్టి, ఆ అమ్మాయి చూస్తుండగా ఫారం నింపాల్సి వచ్చింది. 'లేవు' అని రాసేసింది.

నాలుగు రోజులుగా ఆ మాట మింగలేక కక్కలేక తిరుగుతోంది.

"సాల్లే. పోదాం పదవే రాజీ," అంది జగ్గమ్మ. చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచింది. "సూదులొద్దు, కత్తులొద్దు. పసరే కట్టించుకుంటాను. పోతే పోతాను."

"అమ్మా, అప్ప సెప్పినదానికల్లా..." అంటూ ధనరాజ్ సగం లేచాడు. సగంలోనే ఆగిపోయాడు.

రాజకుమారి సంచీ భుజాన వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అరుగు దిగారు. జగ్గమ్మ ఒక కాలు ఆటోలో పెట్టింది.

ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పుడూ చెప్పలేనని నీలవేణికి అనిపించింది. చెబితే ఈ ఇంట్లో తన మొహం ఎవరూ చూడరనీ అనిపించింది. రెండూ నిజమే. వెళ్ళి అత్త మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఒక్క మాట విని ఎల్లు. ఆ కాయితంలో నాను అబద్దం రాసినాను."

జగ్గమ్మ తిరిగి చూసింది.

"ఏటి రాసినావు?" రాజకుమారి గొంతు ఒక్కసారిగా తగ్గింది.

"అలవాట్లు నేవని రాసినాను. అత్త అడ్డపొగ పీలుస్తాదని రాయనేదు. లేబులో అమ్మాయిలు నవ్వుతారని సిగ్గేసినాది. డాట్రమ్మ అది సూసి, ఏటీ ఉండదులే అనుకున్నాది. నాను రాసుంటే ఆనాడే నోరు సూసేవోరు. మల్లీ సూదెయ్యాలని కాయితంలో కూడా ఉన్నాది. అదీ మీకు సెప్పనేదు."

ధనరాజ్ చేతిలోంచి వల కుట్టే పుల్ల జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి వంగి, వంగినవాడు అలాగే కూలబడ్డాడు.

"రెన్నెల్లు," అన్నాడు. "రెన్నెల్లు నా పక్కనే తిరిగినావు."

అరిచి ఉంటే నీలవేణికి కొంత తేలికయ్యేది. పదేళ్ళ కాపురంలో అతను ఆమెను అంత పరాయిగా ఎప్పుడూ చూడలేదు.

రాజకుమారి మాత్రం ఊరుకునే మనిషి కాదు. సంచీ ఆటోలో విసిరేసి మీదకు వచ్చింది.

"సిగ్గా? మాయమ్మ నోట్లో సుట్ట నీకు సిగ్గా? ఆ సుట్ట నోట్లో ఎట్టుకునే నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నాది. నువ్వు పొద్దున్నే టిప్పుటాపుగా బస్సెక్కుతుంటే నీ పిల్లల ముడ్డి కడిగినాది. మీయమ్మ పీల్చనేదేటే? నాను పీల్చటం నేదా? మాకు నేని సిగ్గు నీకెక్కడినుంచి వచ్చినాదే?"

నీలవేణి తల దించుకుంది. ప్రతి మాటా నిజమే. నిజం చెప్పేవాళ్ళ నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

"దాన్ని తిట్టకు," అంది జగ్గమ్మ.

ఆటోలో పెట్టిన కాలు కిందకు దించింది. వెనక్కి వచ్చి అరుగు మీద ఎండ పడుతున్న చోట కూర్చుంది. తర్వాత కోడలిని చేత్తో పిలిచింది.

"ఇలా రా. నీ పోనులో లైటున్నాది గదా. ఎయ్యి."

నీలవేణి లైటు వేసింది. జగ్గమ్మ తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది.

అంగిలి అంతా పొగ పట్టిన చూరులా గోధుమరంగుకు తిరిగి ఉంది. అక్కడక్కడా సున్నం పెచ్చుల్లాంటి తెల్లటి మచ్చలు. వాటి మధ్య, ఎడమ పక్కన, చింతపిక్కంత పుండు. పుండు అంచులు గట్టిగా పైకి లేచి ఉన్నాయి. నీలవేణి పన్నెండేళ్ళుగా లేబులో పని చేస్తోంది. ఇది చూడ్డానికి మైక్రోస్కోపు అక్కర్లేదు.

జగ్గమ్మ నోరు మూసుకుంది.

"దీపావలి కాన్నుంచి ఉన్నాది. సుట్ట సురకనుకున్నాను. తగ్గనేదు. కారం తగిల్తే పేనం పోతాది. పల్లు కదుల్తన్నాయని సెప్పి గంజన్నం తింటన్నాను."

"అమ్మా, మాకెందుకు సెప్పనేదు?" అన్నాడు ధనరాజ్.

"సెప్తే సుట్ట మానీమంటారు. మానితే మానీవొచ్చు. పేరు పెడతారు గదరా. ఆ రోగం పేరు ఇనాలంటే నాకు బయ్యం." కోడలి వైపు తిరిగింది. "నువ్వు రాయనేదు, నాను సెప్పనేదు. నీకు సిగ్గు, నాకు బయ్యం. ఇద్దరం కలిసే సేసినాం. ఏడవకు. రేపు ఎన్ని గంటలకి?"

"తొమ్మిదికత్తా."

"వస్తాను. ఎక్కడ పొడుస్తారో పొడవనీ. నోట్లో ముక్క తీస్తామన్నా తియ్యనీ."

నీలవేణి అత్త మోకాలి మీద తల పెట్టేసింది. నెత్తళ్ళ వాసన వేసే చెయ్యి ఒకటి వచ్చి జుట్టు మీద ఆగింది. తల నిమరలేదు, తొయ్యలేదు. అలా ఉంది అంతే. వారం రోజుల తర్వాత నీలవేణికి ఊపిరి సగం దాకా ఆడింది. ఆలస్యమైందా, ఇంకా టైముందా అన్నది రేపు తేలుతుంది. కనీసం తేలుతుంది.

అప్పుడు జగ్గమ్మ తలెత్తి కూతురి వైపు చూసింది.

రాజకుమారి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇందాకటి కోపం మొహంలో ఎక్కడా లేదు. తల్లి నోరు తెరిచినప్పుడు తనూ వంగి చూసింది. చూసినప్పట్నుంచి నాలుకతో నోట్లో ఏదో తడుముకుంటోంది.

"రాజీ, ఇలా రా."

"ఏటమ్మా?"

"నీ నోరు సూపించు."

"నాకేటీ నేదు."

"నేకపోతే తెరువు. లైటు దాని సేతిలోనే ఉన్నాది."

"నాకేటీ నేదంటన్నాను గదా!" రాజకుమారి ఒక అడుగు వెనక్కి వేసింది. "నీ సంగతి సూసుకో ముందు."

జగ్గమ్మ గొంతు పెంచలేదు. "మొన్న మీ ఇంటికొచ్చినాను. కానాగంతల పులుసు సేసి మాకందరికీ ఏసినావు. నువ్వు మాత్రం మజ్జిగన్నం తిన్నావు. ఏటే అంటే ఉపాసం అన్నావు. ఉపాసం రోజున సేపలొండుతావేటి నువ్వు?"

రాజకుమారి కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"నీకు పన్నెండో ఏట సుట్ట ఎలిగించి, తిరగేసి, నోట్లో ఎట్టినది నానే. దగ్గొస్తే ఈపు రాసి, అలవాటైపోతాదిలే అన్నది నానే. ఇంకోల్లకి సూపించొద్దులే. నాకు సూపించు."

నీలవేణి లేచి నిలబడింది. ఫోను లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పాలో, ముందుకు పట్టాలో ఆమెకు తెలియలేదు.

"వదినా," అంది మెల్లగా. "రేపు ఇద్దరం కాదు, ముగ్గురం ఎల్దాం."

రాజకుమారి తలుపు చెక్కకు వీపు ఆనించింది. కొంగు రెండు చేతులా నోటికి అదుముకుని, అడ్డంగా తల ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"నా పిల్లలు ఇంకా సిన్నోల్లమ్మా," అంది, కొంగు తియ్యకుండానే.